చిల్లర ఊలు

నా సంచిల మూడు అరలు.
ఒకదాంట్ల నోట్లు, ఒకదాంట్ల చిల్లర.
మూడోది డిపో లెక్కకు రాదు:
అండ్ల ఒక కొక్కెం సూది,
పిడికిట్ల పట్టేంత ఊలు.

పిడికిలి దాటితే నాకొద్దు.
పెద్ద ఉండలు ఇంట్ల కూసునేటోళ్లవి.
నాది దేవరకొండ నుంచి నల్లగొండ, పల్లెవెలుగు.
కొండమల్లేపల్లిల బండి నాలుగు నిమిషాలు ఆగుతది,
నల్లగొండ బస్టాండ్ల ఇరవై.
అండ్ల చాయ్‌కి ఏడు,
లైన్ల నిలబడి కాళ్లు కడుక్కునేందుకు ఆరు,
మిగిలింది అల్లికకు.
మిగిలిన నిమిషాలకు మిగిలిన ఊలే సరి.

ఈ మెరూన్ గుర్రంపోడు టీచరమ్మది.
చిన్న స్వెటర్ ఒకటి మొదలుపెట్టి
చేతుల దాకా వచ్చి ఆపిందట.
"అండాలూ, నీకు పనికొస్తదేమో" అని
దిగేటప్పుడు సీటు మీద పెట్టి పోయింది.
ఎవరికోసమని నేనడగలె.
విప్పి ఉండ చుట్టినా
నెల రోజులు ఆ ఊలు వంకర పోలె.

పచ్చది మా అత్త అల్లిన గుడ్డ,
డబ్బా టీవీ నెత్తి మీద పరిచింది.
టీవీ పల్చబడి గోడకెక్కినంక
గుడ్డకు నెత్తే లేకుంటయింది.

ఎర్రది సోనీబాయి తెంపిచ్చింది,
ఆమె పాత రవికె కుచ్చులోది.
ఊలు కాదది, నూలు. మందం కలవదు.
కలవకుంటే ఏమాయె?
మా బస్సుల ఎవరు ఎవరితో కలుస్తరు,
బత్తాయి గంపలు, కోళ్లు, కాలేజీ పోరగాండ్లు,
మోకాళ్లు వంగని మర్రిగూడ ముసలాయన,
యాభై సీట్లకు తొంభై మంది,
అయినా నల్లగొండ ఒక్కసారే వస్తది.

ఆడోళ్లకు జీరో టికెట్టయినంక
చిల్లర లొల్లి సగం తగ్గింది.
మొగోళ్లకు ఇంకా టికెట్టు వెనక రాస్తున్న,
ఐదు, ఒక గీత.
మతికి లేక దిగిపోయేటోళ్లు ఉంటరు.
ఆ ఐదులు నావి గావు, వాళ్లవీ గావు,
పొద్దుమీకి లెక్కల కాడ నా దిక్కు చూస్తుంటయి.
మా కొలువుల రూపాయి తక్కువున్నా తప్పే,
రూపాయి ఎక్కువున్నా తప్పే.

మొన్న కనగల్ కాడ చెకింగ్ ఎక్కింది.
టికెట్లు లెక్కవెట్టిండు, నోట్లు లెక్కవెట్టిండు,
మూడో అరల చెయ్యి వెట్టి ఆగిండు.
"ఇదేంది?"
"మిగిలింది సార్."
"మిగిలితే జమ చెయ్యాలె గద?"
ఏ కౌంటర్ల జమ చెయ్యాలె,
మెరూన్ రెండు మూరలు, పచ్చ మూరన్నర,
ఎర్రది జానెడు అని రాసిస్తరా రశీదు?
నోటి దాకా వచ్చింది, మింగిన.
బస్సంతా మెడలు చాపింది.
ఆయన నవ్వలె.
అల్లిక ముక్కను కిటికీ వెలుతురుకు పట్టి,
బొటనవేలుతో వరుస వెంబడి పోయి
"మూడో వరుసల ఒక కన్ను తప్పినవ్" అన్నడు.
ఆనాడు నా మీద దొరికిన తప్పు అదొక్కటే.
ఎట్ల తెలుసు సార్ అంటామనుకుంటుండంగనే
దిగి, ఎదురొచ్చే బండికి చెయ్యెత్తిండు.
ఊడదీసి మళ్ల అల్లిన.

"ఏమల్లుతున్నవక్కా?" అని ఎక్కినోళ్లందరు అడుగుతరు.
ఒకరికి టోపీ అన్న, ఒకరికి ఫోను సంచి,
ఒక పిల్లకు ఉడుతకు కోటు అన్న,
ఆ పిల్ల నమ్మింది, సైజు సరిపోదన్నది.

నిజానికి అది సైదులు గేరు రాడ్‌కు.
ఎండకాలం దాని తలకాయ పెనం లెక్క కాలుతది,
తువ్వాల చుట్టి పట్టుకుంటడు, తువ్వాల జారుతది.
నిన్న బండి ఆగినప్పుడు తొడిగిన,
మెరూన్, పచ్చ, మధ్యల మందం కలవని ఎరుపు.
ఊలు రెండు వరుసలకు తక్కువపడ్డది.
ఆ అడుగు సందుల
వేలెడు ఇనుము బయటికే ఉన్నది.

సైదులు మురిసిండు, అద్దంలకెళ్లి
నాకు దండం వెట్టిండు.
గుర్రంపోడు మలుపు కాడ చూసిన:
ఊలు మెత్తగ పైనున్నది,
ఆయన చెయ్యి ఆ వేలెడు ఇనుము మీదనే ఉన్నది.
అలవాటు.